గుట్ట, వేలు, రెండు ఓట్లు: వాంకూవర్-లిటిల్ మౌంటెన్ నియోజకవర్గం కథ

మన ఊళ్ళలో గట్టు తగాదా అంటే ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. దున్నేటప్పుడు ఏటా నాలుగు వేళ్ళ మేర నాగలి అవతలికి ఒరుగుతుంది. ఎవరూ చూడరు. చూసినా ఇంతోటి దానికి గొడవెందుకులే అనుకుంటారు. పదేళ్ళు పోయాక సర్వేయరు గొలుసు పట్టుకుని వస్తే తెలుస్తుంది, పక్కవాడి చేలో రెండు సాళ్ళు మాయమయ్యాయని. 1978లో కెనడా పశ్చిమ తీరాన ఇలాంటి పనే ఒక నియోజకవర్గం మ్యాపు మీద జరిగింది. అక్కడ ఒరిగింది నాలుగు వేళ్ళు కాదు, ఒక్క వేలు. సరిహద్దు గీత ఉన్నట్టుండి సన్నగా సాగి పక్క నియోజకవర్గంలోకి దూరింది. జనం దానికి పేరు కూడా పెట్టారు: గ్రేసీస్ ఫింగర్. గ్రేసీ వేలు.

ఆ గ్రేసీ అంటే గ్రేస్ మెకార్థీ, అప్పటి పాలక పార్టీ మంత్రి, అక్కడి ఎమ్మెల్యే. ఆ నియోజకవర్గం వాంకూవర్-లిటిల్ మౌంటెన్. పాలక పార్టీ తనకి అనుకూలంగా సరిహద్దులు గీయించుకోవడం గురించి కెనడాలో మాట వస్తే ఇప్పటికీ ముందుగా చెప్పే ఉదాహరణల్లో ఇదొకటి. నాకు మాత్రం ఈ కథ చదివిన కొద్దీ ఒక అనుమానం బలపడుతూ వచ్చింది. ఆ వేలు మీద అంత గోల జరిగింది అది కంటికి కనబడింది కాబట్టే. అంతకంటే పెద్ద తిరకాసులు అదే నియోజకవర్గంలో, ఆ చుట్టుపక్కలా ఉన్నాయి. అవి గీతల్లో కనబడవు. ఒకటి బ్యాలెట్ కాగితంలో ఉంది, ఇంకోటి జనాభా లెక్కల్లో ఉంది.

ముందు ఊరి సంగతి. బ్రిటిష్ కొలంబియా కెనడాలోని పది ప్రావిన్సుల్లో ఒకటి. ప్రావిన్సు అంటే మన రాష్ట్రం లాంటిదే. శాసనసభ రాజధాని విక్టోరియాలో ఉంటుంది. సభ్యుల్ని అక్కడ కూడా ఎమ్మెల్యేలనే అంటారు, ముఖ్యమంత్రిని మాత్రం ప్రీమియర్ అంటారు. నియోజకవర్గానికి వాళ్ళ వాడుక మాట రైడింగ్. గుర్రపు స్వారీకీ దీనికీ సంబంధం లేదు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌ని పూర్వం మూడు భాగాలు చేసినప్పుడు మూడో వంతు అనే అర్థంలో వాడిన మాట అరిగి అరిగి ఇలా మిగిలింది.

ప్రావిన్సులో అన్నిటికంటే పెద్ద నగరం వాంకూవర్. నగరం నడుమ ఒక గుట్ట ఉంది, దాని పేరే లిటిల్ మౌంటెన్. చిన్న కొండ అని పేరులోనే ఒప్పేసుకున్నారు. ఎత్తు 125 మీటర్లు, అయినా నగరంలో అంతకంటే ఎత్తైన చోటు లేదు. ఒకప్పుడు అక్కడ క్వారీ నడిచింది. వాంకూవర్ తొలినాటి రోడ్లకి వేసిన కంకర ఆ గుట్ట నల్లరాయే. రాయి తీయగా మిగిలిన గోతుల్ని తరవాత పూలతోటలుగా మార్చారు. ఇప్పుడది క్వీన్ ఎలిజబెత్ పార్క్. పైనుంచి చూస్తే కింద నగరం, దాని వెనక మంచుకొండలు కనిపిస్తాయి. 1966 ఎన్నికల ముందు జరిగిన పునర్విభజనలో ఈ గుట్ట పేరు మీద కొత్త నియోజకవర్గం పుట్టింది, ఇద్దరు ఎమ్మెల్యేలతో.

ఇద్దరు ఎమ్మెల్యేలు అన్నచోట కాసేపు ఆగాలి. తిరకాసంతా అక్కడే మొదలవుతుంది.

వాంకూవర్‌కి ఇది కొత్త అలవాటేం కాదు. 1916 నుంచి చాలా ఏళ్ళు నగరం మొత్తం ఒకే నియోజకవర్గం, దానికి ఆరుగురు సభ్యులు. 1933లో దాన్ని నాలుగు ముక్కలు చేసినప్పుడు కూడా ముక్కకో ఎమ్మెల్యే అనలేదు. మూడింటికి ఇద్దరేసి, పాయింట్ గ్రేకి ఏకంగా ముగ్గురు. ఆ వరుసలోనే లిటిల్ మౌంటెన్‌కీ ఇద్దరు వచ్చారు. ఓటరు బూత్‌లోకి వెళ్తే చేతికి వచ్చే బ్యాలెట్‌లో అందరి పేర్లూ ఒకే వరుసలో ఉంటాయి. రెండు పేర్ల దగ్గర గుర్తు పెట్టొచ్చు. లెక్కింపులో మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్ళు గెలిచినట్టు.

వినడానికి బాగానే ఉంది. ఇద్దరు సభ్యులున్నారు కాబట్టి ఆ పార్టీకొకటి, ఈ పార్టీకొకటి వస్తాయి, రెండు రకాల జనం గొంతూ సభకి చేరుతుంది అనిపిస్తుంది. జరిగేది దానికి తలకిందులు. లెక్క కోసం వంద మంది ఓటర్లున్నారనుకుందాం. 42 మంది ఒక పార్టీ అభిమానులు, 38 మంది రెండోదానికి, 20 మంది మూడోదానికి. ఎవరి రెండు ఓట్లూ వాళ్ళ పార్టీ ఇద్దరు అభ్యర్థులకే వేస్తారు. మొదటి పార్టీ ఇద్దరికీ చెరో 42, రెండో పార్టీ ఇద్దరికీ చెరో 38. రెండు సీట్లూ మొదటి పార్టీకే. 58 మందికి ఇష్టం లేని పార్టీ మొత్తం పట్టుకుపోయింది. ఇదే నియోజకవర్గాన్ని మధ్యకి రెండుగా కోసి ఉంటే, ఒక సగంలో రెండో పార్టీ వాళ్ళు ఎక్కువగా ఉండి ఒక సీటైనా గెలుచుకునే వీలుండేది. రెండు సీట్లని ఒకే సంచిలో వేశాక ఆ వీలు కూడా పోయింది.

ఇది కాగితం మీది లెక్కే కదా అనుకుంటే లిటిల్ మౌంటెన్ చరిత్ర చూడండి. 1966లో, 1969లో గ్రేస్ మెకార్థీ, లెస్ పీటర్సన్ గెలిచారు, ఇద్దరూ సోషల్ క్రెడిట్ పార్టీ. 1972లో ఫిలిస్ యంగ్, రాయ్ కమింగ్స్, ఇద్దరూ ఎన్డీపీ, అంటే ప్రత్యర్థి పక్షమైన న్యూ డెమోక్రటిక్ పార్టీ. 1975లో, 1979లో మెకార్థీ, ఇవాన్ వుల్ఫ్, మళ్ళీ ఇద్దరూ సోషల్ క్రెడిట్. 1983లో, 1986లో మెకార్థీ, డగ్ మోవాట్, మళ్ళీ అదే పార్టీ. ఏడు ఎన్నికలు, 14 సీట్లు. ఒక్కసారి కూడా ఆ జంట విడిపోలేదు. పార్టీ గెలిస్తే రెండూ, ఓడితే రెండూ. ఇరవై ఏళ్ళకి పైగా ఆ గుట్ట చుట్టుపక్కల ఓడిన వైపు ఉన్నవాళ్ళకి సభలో మనిషే లేడు.

ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలు మనకీ ఉండేవి, మర్చిపోయామంతే. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో లోక్‌సభకి 401 నియోజకవర్గాలుంటే అందులో 86 ఇలాంటివే, ఒకదానికైతే ముగ్గురు సభ్యులు. మన దగ్గర దాని ఉద్దేశం వేరు. ఒక సీటు జనరల్, రెండోది ఎస్సీలకో ఎస్టీలకో రిజర్వుడు. 1957లో పార్వతీపురం స్థానంలో ఈ ఏర్పాటు ఎలాంటి మలుపు తిరిగిందో తెలిస్తే ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒకటి జనరల్, ఒకటి గిరిజనులకి. పోటీలో నలుగురున్నారు, అందులో వి.వి. గిరి ఒకరు. ఓట్లు లెక్కపెడితే మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే నిలిచారు. అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చిన బి. సత్యనారాయణకి రిజర్వుడు సీటు ఇచ్చి, రెండో స్థానంలో ఉన్న డిప్పల సూరి దొరకి జనరల్ సీటు ఇచ్చారు. గిరి 565 ఓట్ల తేడాతో మూడో స్థానంలో ఆగిపోయారు. రిజర్వుడు సీటుకి నిలబడ్డాయన జనరల్ సీటు ఎలా తీసుకుంటాడని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. రిజర్వుడు సీటుకి అర్హత ఉన్నంత మాత్రాన జనరల్ సీటు మీద హక్కు పోదని 1959లో కోర్టు తేల్చింది. 1961లో చట్టం చేసి ఆ పద్ధతినే ఎత్తేశారు. ఆ తరవాత పదేళ్ళు తిరక్కుండానే గిరి రాష్ట్రపతి అయ్యారనుకోండి, అది వేరే కథ.

మన పద్ధతి ఎంత చిక్కైనదైనా దాని వెనక ఒక కారణం ఉంది. బ్రిటిష్ కొలంబియాలో అలాంటి రిజర్వేషన్ ఏదీ లేదు. అలవాటుగా వచ్చింది, అధికారంలో ఉన్నవాళ్ళకి పనికొచ్చింది, అలా ఉండిపోయింది.

ఈ గట్టు ఎవరి పొలంలోదో కూడా తెలియాలి. సోషల్ క్రెడిట్ పార్టీని అక్కడ సోక్రెడ్ అనేవాళ్ళు. వ్యాపారుల పక్షం, మితవాద పార్టీ. ఎన్డీపీ కార్మిక సంఘాల మద్దతున్న వామపక్షం. సోక్రెడ్ అధికారంలోకి వచ్చిన తీరే విచిత్రం. 1952 ఎన్నికల ముందు లిబరల్, కన్సర్వేటివ్ కూటమి ప్రభుత్వం వామపక్షాన్ని, అప్పట్లో దాని పేరు సీసీఎఫ్, ఎలాగైనా ఆపాలని ఓటింగ్ పద్ధతే మార్చింది. ఓటరు అభ్యర్థులకి ఒకటి, రెండు, మూడు అని వరుస నంబర్లు వేయాలి. మన రెండో ఓట్లు ఒకరికొకరం పంచుకుంటే చాలని రెండు పార్టీలూ లెక్క వేసుకున్నాయి. జనం ఆ రెండో ఓట్లు తీసుకెళ్ళి ఎవరూ లెక్కలోకి తీసుకోని సోక్రెడ్‌కి వేశారు. సోక్రెడ్‌కి 19 సీట్లు, సీసీఎఫ్‌కి 18. డబ్ల్యూ.ఏ.సీ. బెన్నెట్ ప్రీమియర్ అయ్యాడు. 1953లో మళ్ళీ అదే పద్ధతిలో ఇంకోసారి గెలిచి, ఆ తరవాత ఆ పద్ధతిని తీసేశాడు. ఇరవై ఏళ్ళు ఏలాడు. ఎవరు తవ్విన గోతిలో ఎవరు పడ్డారో తెలుస్తూనే ఉంది.

1972లో ఆయన్ని ఓడించింది డేవ్ బారెట్ నాయకత్వంలో ఎన్డీపీ. 55 సీట్లలో 38 గెలిచింది. వచ్చిన ఓట్లు 39.6 శాతం. 1975లో అదే ఎన్డీపీకి 39.2 శాతం వచ్చాయి. అంటే ఓట్లు దాదాపు కదల్లేదు. సీట్లు మాత్రం 18కి పడిపోయాయి. మొదటిసారి అవతలి ఓట్లు మూడు పార్టీల మధ్య చీలాయి, రెండోసారి అన్నీ సోక్రెడ్ గొడుగు కిందికి చేరాయి. లిటిల్ మౌంటెన్‌లో జంట మారి, మళ్ళీ మారడం ఇందుకే.

ఆ ఓట్లని ఒక గొడుగు కిందికి చేర్చిన పనిలో పెద్ద చెయ్యి గ్రేస్ మెకార్థీది. పూల దుకాణాల వ్యాపారంతో మొదలై, నగర పార్కుల బోర్డు మీదుగా రాజకీయాల్లోకి వచ్చిన మనిషి. 1972లో సీటు పోయాక ఇంట్లో కూర్చోలేదు. పార్టీ అధ్యక్షురాలిగా ఊరూరూ తిరిగి సభ్యుల్ని చేర్చింది. 1975లో పార్టీ గెలిచింది, ఆమె కెనడాలోనే తొలి మహిళా ఉప ప్రీమియర్ అయింది. ప్రీమియర్ పాత బెన్నెట్ కొడుకు బిల్ బెన్నెట్. ఆమె మంత్రిగా పేదల సంక్షేమ నిధులు కోసిన తీరు మీద కోపం ఉన్నవాళ్ళు చాలామంది, నగర రైలు స్కైట్రెయిన్‌కి, లయన్స్ గేట్ వంతెన మీద దీపాలకి ఆమెని తలుచుకునేవాళ్ళూ చాలామందే. ఆమెని ఆ వేలుకి కుదించేయడం నాకు అంత న్యాయం అనిపించదు.

సరే, వేలు సంగతి. బిల్ బెన్నెట్ ప్రభుత్వం 1978లో సరిహద్దులు మార్చే పని జడ్జి లారెన్స్ ఎక్కార్ట్‌కి అప్పగించింది. ఆయన సిఫార్సులతో సీట్లు 55 నుంచి 57 అయ్యాయి. కొత్త మ్యాపులో లిటిల్ మౌంటెన్‌కి ఒక సన్నని తోక మొలిచింది. వాంకూవర్ వీధులు చాలావరకు చదరంగం బల్ల గళ్ళలా నిలువుగా, అడ్డంగా తిన్నగా ఉంటాయి. అలాంటి ఊళ్ళో సరిహద్దు గీయడం కష్టమైన పనేం కాదు. పెద్ద రోడ్డు పట్టుకుని పోతే చాలు. గీత తిన్నగా పోతూ పోతూ ఉన్నట్టుండి పక్కకి తిరిగి, కొన్ని వీధుల్ని మాత్రం చుట్టి తెచ్చుకుంటే ఎవరికైనా అనుమానం రాక మానదు. ఆ చుట్టి తెచ్చుకున్న వీధులు సోక్రెడ్ ఓట్లు దండిగా ఉన్నవని విమర్శ. గీత వెనక మెకార్థీ చెయ్యి ఉందని ఏ కోర్టూ తేల్చలేదు. పేరు మాత్రం ఆమెకే అతుక్కుంది.

ఇలాంటి గీతలకి ఇంగ్లిష్‌లో జెర్రీమాండర్ అనే మాట ఉంది. 1812లో అమెరికాలో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ సంతకం పెట్టిన మ్యాపులో ఒక నియోజకవర్గం సాలమాండర్ అనే బల్లిలాంటి జంతువు ఆకారంలో ఉందని, ఆయన పేరునీ దాని పేరునీ కలిపి పత్రికలు కట్టిన మాట అది. అక్కడ బల్లి, ఇక్కడ వేలు.

ఇప్పుడు నా అనుమానం సంగతి. మెకార్థీ 1966లో, 1969లో, 1975లో వేలు లేకుండానే గెలిచింది. వేలు మొలిచాక 1979లో, 1983లో, 1986లోనూ గెలిచింది. ఆ తోక ఆమెకి అదనపు భరోసా ఇచ్చి ఉండొచ్చు, ఆమె రాజకీయ జీవితాన్ని నిలబెట్టింది అదే అంటే నమ్మడం కష్టం. అదే మ్యాపులో, అదే నగరంలో ఇంకోటి జరిగింది. వాంకూవర్-బురార్డ్ అనే నియోజకవర్గం మొత్తంగా లేకుండా పోయింది. అది కూడా ఇద్దరు సభ్యులదే. 1972లోనూ, ఎన్డీపీకి గడ్డుకాలమైన 1975లోనూ ఆ పార్టీ వైపే నిలిచింది. ఆ ఇద్దరిలో ఒకరు రోజ్‌మేరీ బ్రౌన్. జమైకాలో పుట్టి, కెనడాలో ఒక ప్రావిన్సు శాసనసభకి ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ. కింద నేల మాయమయ్యేసరికి ఆవిడ పక్క ఊరు బర్నబీకి వెళ్ళి బర్నబీ-ఎడ్మండ్స్ నుంచి పోటీ చేసి గెలవాల్సి వచ్చింది. రెండో సభ్యుడు నార్మన్ లెవీ కూడా వేరే నియోజకవర్గం వెతుక్కున్నాడు. వాంకూవర్ నగరానికి 12 మంది ఎమ్మెల్యేలు ఉండేవాళ్ళు, పది మంది అయ్యారు.

1979 ఫలితం చూడండి. సోక్రెడ్‌కి 48.2 శాతం ఓట్లు, 31 సీట్లు. ఎన్డీపీకి 46 శాతం, 26 సీట్లు. మూడంటే మూడు సీట్లు అటు నుంచి ఇటు మారితే ప్రభుత్వమే మారేది. అలాంటి పోటీలో ప్రత్యర్థులు అలవాటుగా గెలిచే రెండు సీట్లు మ్యాపు నుంచి చెరిగిపోవడం ఎంత పెద్ద విషయం! దానికి ఎవరూ ముద్దుపేరు పెట్టలేదు. పెట్టడానికి చూపించేందుకు ఏ ఆకారమూ లేదు మరి.

ఇంకో ఏడేళ్ళకి మరో ముచ్చట. 1986 ఎన్నికలకి సీట్లు 57 నుంచి 69కి పెంచారు. 12 సీట్లు పెరిగితే నియోజకవర్గాలు 12 పెరగాలి కదా. పెరిగింది రెండే, 50 కాస్తా 52 అయ్యాయి. పెరిగిన సీట్లలో చాలావరకు ఉన్న నియోజకవర్గాలకే రెండో ఎమ్మెల్యేని తగిలించి తెచ్చారు. ఇద్దరు సభ్యులవి ఏడు ఉండేవి, 17 అయ్యాయి. జనం పెరిగిన చోట గీతలు కొత్తగా గీయకుండా కుర్చీ పక్కన కుర్చీ వేశారన్నమాట. కొత్త గీత లేదు కాబట్టి వేలూ లేదు, గోలా లేదు. పైన చెప్పిన 42, 38 లెక్క ఇంకా చాలా చోట్లకి పాకింది.

రెండో తిరకాసు జనాభాది. అప్పట్లో ప్రావిన్సు ఉత్తరపు కొసన అట్లిన్ అనే నియోజకవర్గం ఉండేది. అడవులు, గనులు, నదులు, జనం మాత్రం సుమారు ఐదున్నర వేలు. ఎమ్మెల్యేకి సగటున పడాల్సిన జనాభా కంటే అది 86.8 శాతం తక్కువ. ఇంకో కొసన వాంకూవర్ శివార్లు, అక్కడ ఒక ఎమ్మెల్యేకి సగటు కంటే 63.2 శాతం ఎక్కువ. లెక్క వేస్తే అట్లిన్‌లో ఒక ఓటు ఆ శివారులో పన్నెండు ఓట్ల పైమాటే. పల్లె ప్రాంతాల్లో సోక్రెడ్ బలమెక్కువ అన్న సంగతి కూడా జనానికి తెలుసు, అయితే అట్లిన్ లాంటి చోట్ల ఎన్డీపీ కూడా గెలుస్తూ వచ్చింది కాబట్టి దీన్ని పార్టీ కుట్రగా కొట్టిపారేయడానికి లేదు. ఉత్తరాదిన నియోజకవర్గాలు ఎప్పుడూ చిన్నవే. ఒక ఎమ్మెల్యే ఎంత దూరమని తిరుగుతాడన్నది వాళ్ళ వాదన.

దీని మీద కోర్టుకి వెళ్ళింది బ్రిటిష్ కొలంబియా పౌర హక్కుల సంఘానికి చెందిన జాన్ డిక్సన్. 1982లో కెనడా రాజ్యాంగంలో హక్కుల పత్రం చేరింది. అందులో మూడో సెక్షన్ ప్రతి పౌరుడికీ ఓటు హక్కు ఉందంటుంది. ఆ ఓట్లన్నీ సమానం అన్న మాట అందులో లేదు. మరి ఓటు హక్కు అంటే పెట్టెలో కాగితం వేసే హక్కేనా, ఆ కాగితానికి పక్క ఊరి కాగితంతో సమానమైన బరువు ఉండే హక్కు కూడానా? ఈ ప్రశ్న బ్రిటిష్ కొలంబియా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి బెవర్లీ మెక్‌లాక్లిన్ ముందుకి వచ్చింది. పేరుకి సుప్రీంకోర్టే కానీ దాని పైన అప్పీళ్ళ కోర్టు, ఆ పైన దేశ సుప్రీంకోర్టు ఉంటాయి.

1989 ఏప్రిల్‌లో ఆమె తీర్పు ఇచ్చింది. ఓట్ల బరువు అచ్చంగా సమానం కానక్కర్లేదు, కానీ సమానానికి దగ్గరగా ఉండాలి, తేడా ఉంటే దానికి పరిపాలనకి పనికొచ్చే కారణం చూపించాలి. అప్పటి సరిహద్దులు ఆ పరీక్షకి నిలబడలేదు. అయితే చట్టాన్ని అక్కడికక్కడే కొట్టేస్తే రేపు ఎన్నికలొస్తే దేని మీద జరపాలి? నియోజకవర్గాలే లేని ప్రావిన్సు అయిపోతుంది. అందుకని సరిదిద్దుకోవడానికి శాసనసభకి గడువు ఇచ్చింది. మందు అప్పటికే తయారుగా ఉంది. జడ్జి థామస్ ఫిషర్ కమిషన్ 1988 చివర్లోనే నివేదిక ఇచ్చేసింది: 75 సీట్లు, అన్నీ ఒక్క సభ్యుడివే, సగటుకి 25 శాతం అటూ ఇటూ మించకూడదు. ప్రభుత్వం దాన్ని తీసుకుంది. ఆ తరవాత సరిహద్దులు గీసే పని స్వతంత్ర కమిషన్‌కి అప్పగిస్తూ చట్టం వచ్చింది.

ఇక్కడొక సంగతి గమనించాలి. ఆ తీర్పు గ్రేసీ వేలు గురించి కాదు. కోర్టు కొలిచింది జనాభాని, ఆకారాన్ని కాదు. ఒక నియోజకవర్గం వేలు ఆకారంలో ఉన్నా, బల్లి ఆకారంలో ఉన్నా జనం సంఖ్య సరిపోతే ఈ తీర్పు దాన్ని ముట్టుకోదు. వేలుని తీసేసింది కోర్టు కాదు, ఇద్దరు సభ్యుల పద్ధతి పోయి మ్యాపు మొత్తం కొత్తగా గీయాల్సి రావడంతో అది పోయింది.

రెండేళ్ళకి కథ ఇంకో మెలిక తిరిగింది. మెక్‌లాక్లిన్ దేశ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1991లో సస్కాచువాన్ ప్రావిన్సు సరిహద్దుల మీద ఇలాంటి వివాదమే అక్కడికొచ్చింది. పల్లెలకి జనాభాని మించి సీట్లు, నగరాలకి తక్కువ. సమానత్వం మీద అంత గట్టిగా రాసిన ఆవిడ ఈసారి ఏమంటుందోనని అందరూ చూశారు. ఆ మ్యాపు చెల్లుతుందని ఆరుగురు, చెల్లదని ముగ్గురు. ఆ ఆరుగురిలో ఐదుగురి తరఫున తీర్పు రాసింది మెక్‌లాక్లినే. మూడో సెక్షన్ ఇచ్చేది సమానమైన ఓటు కాదు, సమర్థమైన ప్రాతినిధ్యం అంది. జనాభా ముందు చూడాల్సిందే, దానితోపాటు భూగోళం, ఒక సమాజం చరిత్ర, అల్పసంఖ్యాకుల గొంతు కూడా చూడొచ్చు. ఇది మాట మార్చడమే అన్నవాళ్ళున్నారు. రెండు తీర్పుల్లోనూ ఒకే తర్కం ఉంది, ఒకదాంట్లో తేడా పన్నెండు రెట్లు, ఇంకోదాంట్లో చాలా తక్కువ అన్నవాళ్ళూ ఉన్నారు. నాకు రెండో మాటే సబబనిపిస్తుంది. కాకపోతే సమర్థమైన ప్రాతినిధ్యం అనే మాట రబ్బరు బ్యాండు లాంటిది, ఎవరు లాగితే వాళ్ళ వైపు సాగుతుంది.

ఈ పన్నెండు రెట్లు విని మనం ముక్కున వేలేసుకోనక్కర్లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో మల్కాజిగిరిలో ఓటర్లు 31 లక్షల పైన. లక్షద్వీప్‌లో 55 వేల పైన. యాభై రెట్లకి మించిన తేడా అది. దీవుల్ని ఇంకెవరితోనూ కలపలేం కాబట్టి ఒప్పుకుంటున్నాం. రాష్ట్రాలకి ఎన్ని లోక్‌సభ సీట్లు అన్నది 1971 జనాభా లెక్కల దగ్గరే ఆపేసి ఉంచాం. దాన్ని కదిపితే జనాభా అదుపు చేసుకున్న దక్షిణాదికి నష్టమని మన రెండు రాష్ట్రాల్లోనూ టెన్షన్. తలకో ఓటు అన్న లెక్క మల్కాజిగిరి ఓటరు వైపు నుంచి చూస్తే న్యాయం, ఢిల్లీలో తెలుగువాళ్ళ బలం వైపు నుంచి చూస్తే భయం. మెక్‌లాక్లిన్ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదవాల్సిన చోటు ఇదే.

మళ్ళీ లిటిల్ మౌంటెన్‌కి. 1991 ఎన్నికల్లో ఆ పేరుతో నియోజకవర్గం ఉంది, ఎమ్మెల్యే మాత్రం ఒక్కడే. గెలిచింది ఎన్డీపీ డాక్టర్ టామ్ పెర్రీ. సోక్రెడ్ ప్రావిన్సు మొత్తం మీద ఏడు సీట్లకి పడిపోయింది. మెకార్థీ ఆ ఎన్నికల్లో పోటీ చేయలేదు. తరవాత కుప్పకూలిన పార్టీని నెత్తిన పెట్టుకుంది, 1994లో మాట్‌స్క్వీ ఉప ఎన్నికలో నిలబడింది. లిబరల్ పార్టీ కుర్రాడు మైక్ డి జోంగ్ చేతిలో 42 ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఒక్క గీత అటో ఇటో జరిగినా సరిపోయే తేడా. ఆ పార్టీ ఇక లేవలేదు.

సరిహద్దులు బాగుపడితే ఫలితాలూ బాగుపడతాయని ఆశపడ్డవాళ్ళకి 1996 ఉంది. స్వతంత్రంగా గీసిన, జనాభా దాదాపు సమానంగా ఉన్న 75 సీట్లలో లిబరల్స్‌కి 41.8 శాతం ఓట్లు, 33 సీట్లు. ఎన్డీపీకి 39.5 శాతం, 39 సీట్లు, అధికారం కూడా. మళ్ళీ అదే 39 శాతం. ఒకసారి 55లో 38 తెచ్చింది, ఒకసారి 18, ఇప్పుడు 75లో 39. ఆ ఏడు లిటిల్ మౌంటెన్‌లో గెలిచింది లిబరల్ గ్యారీ ఫారెల్-కాలిన్స్. 2001 ఎన్నికలకి మ్యాపు మళ్ళీ మారి సీట్లు 79 అయ్యాయి. లిటిల్ మౌంటెన్ పేరు పోయింది, దాని నేల పక్క నియోజకవర్గాల్లో కలిసిపోయింది. కాలిన్స్ వాంకూవర్-ఫెయిర్‌వ్యూకి మారి అక్కడ గెలిచాడు. మెకార్థీ 2017లో కన్నుమూసింది.

అక్కడితో అయిపోయిందనుకుంటాం. బురార్డ్ పేరు 1979లో పోయి 1991లో తిరిగొచ్చి 2009లో మళ్ళీ పోయింది. లిటిల్ మౌంటెన్ పేరు కూడా అలాగే వచ్చింది. 2024 ఎన్నికలకి సీట్లు 93కి పెంచినప్పుడు వాంకూవర్-లిటిల్ మౌంటెన్ మళ్ళీ మ్యాపెక్కింది. గెలిచింది ఎన్డీపీకి చెందిన క్రిస్టీన్ బాయిల్, అంతకుముందు నగర కౌన్సిలర్. ఆ ఎన్నికల్లో ఎన్డీపీకి వచ్చినవి 47 సీట్లు, మెజారిటీకి కావాల్సినన్నే. ఇప్పుడు ఆ గుట్ట కింద బూత్‌కి వెళ్ళిన ఓటరు గుర్తు పెట్టేది ఒక్క పేరు దగ్గరే.